పెద్ద కంపెనీలో టీమ్ మారుతున్నాను: మొదటి మూడు నెలల్లో ఏం చూసుకోవాలి?

కొత్తకొలువు

అదే కంపెనీ, వేరే టీమ్. పేమెంట్ల బ్యాకెండ్, జావా, ఇరవై దాకా సర్వీసులు. సగం మంది గచ్చిబౌలిలో, సగం సియాటిల్‌లో. ఆన్‌కాల్ (సర్వీసు చెడితే రాత్రయినా లేచి చూసే వంతు) ఉంది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి. "డాక్యుమెంట్లు చదువుకో" అన్న మాట తప్ప ఇంకేమీ అందలేదు. ఏ వరసలో పోవాలి, ఎక్కడ దెబ్బ తగులుతుంది? నలుగురితో కలిసిపో, చిరునవ్వుతో ఉండు లాంటివి వద్దు. పని సంగతి చెప్పండి.

పాతమానిటర్

కొత్త టీమ్ సంగతి తర్వాత, ముందు పాత టీమ్‌లో చెయ్యాల్సినవి చూడండి. లోపలి బదిలీల్లో సగం గొడవలు అక్కడే పుడతాయి.

బదిలీ తేదీ సిస్టమ్‌లో పడగానే పాత టీమ్ గ్రూపుల్లోంచి మీ పేరు దానంతట అదే పోతుంది. మీ సొంత యూజర్ ఐడీతో నడుస్తున్న క్రాన్ జాబులు (టైముకి వాటంతటవే నడిచే పనులు), రిపోర్టులు, డ్యాష్‌బోర్డ్ క్వెరీలు ఆ రోజు రాత్రే ఆగిపోతాయి. నెలకోసారి నడిచే జాబ్ అయితే నెల తర్వాత గానీ బయటపడదు. అందుకని రెండు వారాల ముందే లిస్టు రాసి అన్నిటినీ సర్వీస్ అకౌంట్‌కి (మనిషి పేరున కాక టీమ్ పేరున ఉండేది) మార్చండి. డాక్యుమెంట్ల ఓనర్‌షిప్, మెయిలింగ్ లిస్టుల అడ్మిన్, సర్టిఫికెట్ ఎక్స్‌పైరీ మెయిళ్లు వచ్చే అడ్రసు, ఇవి అందరూ మర్చిపోయేవి. సర్టిఫికెట్ మెయిల్ మీకొక్కరికే వస్తుంటే, మీరు వెళ్లిన ఎనిమిది నెలలకి పాత టీమ్ సర్వీసు పడిపోతుంది, ఎందుకో ఎవరికీ తెలీదు.

ఆన్‌కాల్ రోటేషన్ నుంచి పేరు తీయించుకుంటే సరిపోదు. ఎస్కలేషన్ పాలసీ (మొదటివాళ్లు పలక్కపోతే తర్వాత ఎవరికి మోగాలో) వేరేగా ఉంటుంది, అందులోనూ తీయించాలి. లేకపోతే అర్ధరాత్రి పాత టీమ్ ఫోను మోగుతుంది, మీకేమో ఆ సర్వర్లకి యాక్సెస్ ఉండదు.

ఇంకోటి. రేటింగ్ సైకిల్ మధ్యలో మారుతుంటే, పాత మేనేజర్ చేత ఫీడ్‌బ్యాక్ రాతపూర్వకంగా సిస్టమ్‌లో పెట్టించుకునే కదలండి. కటాఫ్ తేదీ నాటికి ఎవరి కింద ఉంటే వాళ్లే రేటింగ్ రాస్తారు చాలాచోట్ల. మీ పని రెండు నెలలే చూసిన మనిషి ఏడాది గురించి ఏం రాస్తాడు?

లూపులక్ష్మి

మొదటి వారానికి ఒక్కటే లక్ష్యం: ఒక్క లైన్ మార్పు మీ ల్యాప్‌టాప్ నుంచి ప్రాడ్ (నిజమైన యూజర్లు వాడే సిస్టమ్) దాకా వెళ్లాలి. లాగ్ మెసేజ్‌లో అక్షర దోషం అయినా సరే, లేని టెస్టు ఒకటి రాసినా సరే. ఆ మార్పు విలువ సున్నా అనుకున్నా పర్లేదు, అది వెళ్లే దారే మీకు కావాలి.

యాక్సెస్‌లతో మొదలుపెట్టండి. మీ లెవెల్‌లోనే ఉన్న టీమ్‌మేట్ ఒకర్ని "మీరున్న గ్రూపుల లిస్టు పంపుతారా" అని అడగండి. రిపోజిటరీ, బిల్డ్ సిస్టమ్, లాగులు, మెట్రిక్కులు, స్టేజింగ్ (ప్రాడ్‌కి ముందు పరీక్షించే నకలు) డేటాబేస్, ఆన్‌కాల్ టూల్, ఇవన్నీ మొదటి రోజే రిక్వెస్ట్ పెట్టేయాలి. ఒక్కో అప్రూవల్‌కి ఇద్దరు ముగ్గురు సంతకం పెట్టాలి, అందులో ఒకరు సెలవులో ఉంటారు, అది రాసిపెట్టినట్టే. ప్రాడ్‌లో రాసే హక్కు మాత్రం ఇప్పుడే అడగొద్దు. చదివే హక్కు చాలు.

మార్పు వెళ్తుంటే ఈ ప్రశ్నలకి జవాబులు ఒక పేజీలో రాసుకోండి. బిల్డ్‌కి ఎంతసేపు? ఏ టెస్టులు ఊరికే ఫెయిలై రీరన్ చేస్తే పాసవుతాయి? ఎవరి అప్రూవల్ తప్పనిసరి? మెర్జ్ అయ్యాక స్టేజింగ్‌కి దానంతట అదే వెళ్తుందా, ఎవరైనా బటన్ నొక్కాలా? కానరీ (ముందు కొద్దిమంది యూజర్లకే పంపి చూడడం) ఎంత శాతంతో మొదలవుతుంది, ఏ గ్రాఫ్ చూసి ముందుకు తోస్తారు? రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం) ఎవరు చెయ్యొచ్చు, ఎన్ని నిమిషాలు పడుతుంది?

ఆ చివరి దానికి టీమ్‌లో ముగ్గుర్ని అడిగితే మూడు జవాబులొస్తే, ఆ టీమ్ గురించి మీకు చాలా తెలిసిపోయినట్టే.

సున్నాసూచిక

లక్ష్మి గారు చెప్పింది కరెక్ట్. ఒక చేర్పు: సెటప్ డాక్యుమెంట్‌లో పనిచెయ్యని స్టెప్ కనబడితే అప్పటికప్పుడే సరిచేసి పీఆర్ (మార్పుని రివ్యూకి పంపే పుల్ రిక్వెస్ట్) పెట్టండి. కొత్తవాళ్లకే అవి కనబడతాయి. నెల దాటితే మీ కళ్లూ అలవాటు పడిపోతాయి. మొదటి పీఆర్ ఏం పెట్టాలా అన్న బెంగ కూడా తీరుతుంది.

చిల్లరలెక్క

పేమెంట్లు అన్నారు కాబట్టి మామూలు బ్యాకెండ్‌లో లేని కొన్ని విషయాలు చెప్తాను. ఇవి తెలియకుండా కోడ్ ముట్టుకోవద్దు.

1. డబ్బుకి డబుల్ (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే నంబర్ రకం) వాడకూడదు, ఇది అందరికీ తెలుసు. బిగ్‌డెసిమల్ (జావాలో కచ్చితమైన దశాంశాల రకం) వాడినా రెండు గోతులున్నాయి. డబుల్ 0.1ని నేరుగా కన్‌స్ట్రక్టర్‌కి ఇస్తే తోకలో చెత్త అంకెలతో వస్తుంది, స్ట్రింగ్‌గా ఇవ్వాలి. ఇక ఈక్వల్స్‌తో పోలిస్తే 2.0, 2.00 వేరువేరు అంటుంది, స్కేల్ (దశాంశ స్థానాల సంఖ్య) కూడా చూస్తుంది కాబట్టి. కంపేర్‌టూ వాడాలి. బిగ్‌డెసిమల్‌ని హ్యాష్‌మ్యాప్ కీగా పెట్టిన కోడ్ కనబడితే అక్కడ ఆగి చూడండి.

2. "వందతో గుణించి పైసల్లో దాచేద్దాం" అన్న లెక్క అన్ని కరెన్సీలకీ చెల్లదు. జపాన్ యెన్‌కి దశాంశాలు లేవు. కువైట్ దినార్‌కి మూడున్నాయి. కోడ్‌లో ఎక్కడైనా 100 అని నేరుగా రాసి ఉంటే వెతకండి, దొరుకుతుంది.

3. టైమవుట్ అంటే ఫెయిలయిందని కాదు. అవతల డబ్బు కట్ అయ్యుండొచ్చు, జవాబు మాత్రం మనకి చేరలేదు. అందుకే ప్రతి రిక్వెస్ట్‌కీ ఐడెంపొటెన్సీ కీ (అదే రిక్వెస్ట్ మళ్లీ వచ్చిందని పోల్చుకునే గుర్తు) ఉండాలి, మళ్లీ పంపే ముందు స్టేటస్ అడగాలి. ఆ కీ ఎక్కడ పుడుతుందో చూడండి. రీట్రై చేసే లూప్ లోపల పుడితే ప్రతిసారీ కొత్త కీ వస్తుంది, రెండుసార్లు డెబిట్ ఖాయం. లూప్ బయట పుట్టాలి.

4. లాగుల్లో కార్డు నంబర్ పడకూడదు. సీవీవీ అయితే ఆథరైజేషన్ అయిపోయాక ఎన్‌క్రిప్ట్ చేసి కూడా దాచకూడదు, కార్డుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ నియమం అది. మన దేశంలో అయితే 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు అసలు కార్డు నంబరే దాచుకోకూడదు, టోకెన్ (కార్డు నంబరుకి మారుగా ఇచ్చే కోడ్) ఉండాలి. డీబగ్ చేద్దామని రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ మొత్తం లాగ్‌లోకి తోసే ఒక్క లైన్ చాలు, సెక్యూరిటీ వాళ్లు మీ టీమ్‌కి నెల పని పెడతారు.

కొత్తకొలువు

చిల్లరలెక్క గారూ, మూడోది బంగారం. ఇరవై సర్వీసుల కోడ్ ఎలా చదవాలి? ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్ రెండేళ్ల కిందటిది.

పాతమానిటర్

ఇరవై చదవొద్దు. ఒక్క రిక్వెస్ట్ పట్టుకోండి. స్టేజింగ్‌లో ఒక పేమెంట్ చేసి, దాని ట్రేస్ ఐడీతో (ఒక రిక్వెస్ట్‌ని అన్ని సర్వీసుల్లో గుర్తుపట్టే నంబర్) లోడ్ బ్యాలెన్సర్ నుంచి డేటాబేస్ దాకా వెళ్లండి. కాగితం మీద పెట్టెలు గీసి, ప్రతి బాణం మీద రెండు అంకెలు రాయండి: టైమవుట్ ఎంత, ఎన్నిసార్లు ప్రయత్నిస్తుంది. ఎవరి డాక్యుమెంట్‌లోనూ ఉండని బొమ్మ తయారవుతుంది.

ఆ అంకెలు ఎందుకంటే, వరసగా మూడు సర్వీసులు ఒక్కోటీ మూడేసి సార్లు ప్రయత్నిస్తే, డేటాబేస్ నీరసించిన రోజున ఒక్క యూజర్ క్లిక్ 27 క్వెరీలవుతుంది. నీరసంగా ఉన్నది కాస్తా పడిపోతుంది. అలాగే పైవాడి (పిలిచే సర్వీసు) టైమవుట్ 2 సెకన్లు, కిందవాడిది (జవాబిచ్చే సర్వీసు) 5 సెకన్లు ఉంటే, పైవాడు వదిలేసి వెళ్లాక కూడా కిందవాడు మూడు సెకన్లు ఎవరికీ అక్కర్లేని పని చేస్తుంటాడు. లోపలికి వెళ్లేకొద్దీ టైమవుట్లు తగ్గాలి. చాలాచోట్ల రివర్స్‌లో ఉంటాయి, ఎందుకంటే ఒక్కో అంకె ఒక్కో టీమ్ ఒక్కో ఏడు పెట్టింది.

ఆ తర్వాత గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్). గత మూడు నెలల్లో ఎక్కువసార్లు మారిన పది ఫైళ్లు ఏవో తీయండి, ఆ పదీ చదవండి. మిగతావి అవసరమొచ్చినప్పుడు. వింత కోడ్ కనబడితే బ్లేమ్ (ఏ లైన్ ఎవరు, ఏ కమిట్‌లో మార్చారో చూపేది) చూడండి, కానీ ఫార్మాటింగ్ కమిట్ ఒకటి అన్ని లైన్లనీ తన పేరున రాసేసుకుని ఉంటుంది. స్పేసులు పట్టించుకోని డబ్ల్యూ ఆప్షన్, ఆ కమిట్‌ని వదిలేయమనే ఇగ్నోర్‌రెవ్ ఆప్షన్ ఉన్నాయి. ఒక పదం మొదట ఎప్పుడు వచ్చిందో తెలియాలంటే గిట్ లాగ్‌లో క్యాపిటల్ ఎస్ ఆప్షన్.

సున్నాసూచిక

కోడ్ కంటే ముందు పోస్ట్‌మార్టమ్‌లు (సర్వీసు పడిపోయాక రాసే విశ్లేషణలు) చదవమంటాను. గత ఏడాదివన్నీ. సిస్టమ్ ఎలా ఉండాలనుకున్నారో డిజైన్ డాక్యుమెంట్ చెప్తుంది, నిజంగా ఎలా ఉందో పోస్ట్‌మార్టమ్ చెప్తుంది. చివర్లో యాక్షన్ ఐటమ్స్ ఉంటాయి కదా, వాటిలో ఏవి ఇంకా ఓపెన్‌గా ఉన్నాయో చూడండి. మీ రెండో, మూడో పని అక్కడే దొరుకుతుంది. ఎవరూ కాదనరు, అందరూ మొహమాటంగా వాయిదా వేస్తున్నదే అది.

బయటివి కూడా చదవదగ్గవి ఉన్నాయి. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ ట్రేడింగ్ కంపెనీలో జరిగింది చూడండి. ఎనిమిది సర్వర్లకి కొత్త కోడ్ వెళ్లాలి, ఏడింటికే వెళ్లింది. కొత్త ఫీచర్‌కి ఎప్పుడో వాడి వదిలేసిన పాత ఫ్లాగ్‌నే (ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వాడారు. ఎనిమిదో సర్వర్‌లో ఆ ఫ్లాగ్ పాత కోడ్‌ని లేపింది. ముప్పావుగంటలో 40 కోట్ల డాలర్ల పైన పోయింది. కాబట్టి ఫీచర్ ఫ్లాగ్ పేరు మళ్లీ వాడొద్దు, పని అయిపోయిన ఫ్లాగ్‌తో పాటు దాని కోడ్ కూడా తీసేయండి.

రీఫ్యాక్టర్_రాజు

ఇవన్నీ సరే గానీ, కొత్తవాళ్లకి ఉండే ఫ్రెష్ చూపుతో మొదటి నెలలోనే పాత చెత్త మార్చేస్తే మంచి పేరొస్తుంది కదా? పెద్ద డిజైన్ ప్రపోజల్ పెట్టమంటాను.

లూపులక్ష్మి

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా రాజు గారూ :)

చెత్త అనిపించిన కోడ్‌లో కొంత నిజంగా చెత్తే. కొంత మాత్రం ఏదో ఒక బ్యాంకు వింత రెస్పాన్స్ కోసం పెట్టింది. రెండిటికీ తేడా మొదటి నెలలో తెలీదు. కనబడినవన్నీ ఒక నోట్‌లో రాస్తూ పొండి, ప్రతిదాని పక్కన "ఎందుకిలా?" అని ఒక ప్రశ్న. ఆరు వారాల తర్వాత ఆ లిస్టు చూస్తే మూడొంతులు మీరే కొట్టేస్తారు. మిగిలినవాటితో ప్రపోజల్ రాయండి, అప్పుడు దానికి బలం ఉంటుంది.

నిద్రలేనిపేజర్

ఆన్‌కాల్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

వరస ఇలా అడగండి: ఒక వారం షాడో, అంటే పేజ్ (అలర్ట్ కాల్) మీకూ వస్తుంది, పని వాళ్లు చేస్తారు. తర్వాత రివర్స్ షాడో, పని మీరు చేస్తారు, పక్కన వాళ్లుంటారు. ఆ తర్వాతే సొంత షిఫ్ట్. రెండు వారాలూ లేకుండా రోటేషన్‌లో వేస్తే మర్యాదగా కాదనండి. టీమ్‌కే నష్టం అది.

షాడో మొదలయ్యే ముందు గత 30 రోజుల అలర్టుల లిస్టు తీసి, ఎక్కువసార్లు మోగిన ఐదింటి రన్‌బుక్‌లు (అలర్ట్ మోగితే ఏం చెయ్యాలో రాసిన పేజీలు) తెరవండి. చదవడం కాదు, అందులోని ప్రతి లింక్ నొక్కండి, ప్రతి కమాండ్ స్టేజింగ్‌లో నడపండి. సగం లింకులు చచ్చి ఉంటాయి. పగటిపూట తెలుసుకోవడం మేలు.

పేజ్ వచ్చినప్పుడు మొదటి పని కారణం వెతకడం కాదు, మంట ఆర్పడం. గంటలోపు డిప్లాయ్ ఏదైనా వెళ్లిందా? వెళ్లి ఉంటే రోల్‌బ్యాక్ చేసి, తర్వాత ఆలోచించండి. "మా మార్పుకీ దీనికీ సంబంధం లేదు" అని వాదించే మనిషి ఒకడు ప్రతి ఇన్సిడెంట్‌లోనూ ఉంటాడు. వాదన తర్వాత పెట్టుకోమనండి.

లాగులన్నీ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రామాణిక సమయం) ఉంటాయి. 18:40 అని ఉంటే మనకి మర్నాడు 00:10. రాత్రి నిద్రమత్తులో తేదీ ఒకటి తప్పు చూసి ఖాళీ లాగులు వెతకడం మామూలే. డ్యాష్‌బోర్డ్‌ని కూడా యూటీసీలోనే పెట్టుకుంటే రెండు ఊళ్లవాళ్ల మధ్య మాట తేడా రాదు.

ప్రాడ్ టెర్మినల్‌కి వేరే రంగు పెట్టుకోండి. 2017 జనవరి 31న కోడ్ దాచిపెట్టే సర్వీసు గిట్‌ల్యాబ్‌లో రెప్లికా (నకలు డేటాబేస్) మీద చెయ్యాల్సిన డిలీట్ ప్రైమరీ డేటాబేస్ మీద చేశారు. దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ పద్ధతులు నాలుగైదు ఉండి కూడా సరిగ్గా పనిచేసింది లేదు. చివరికి అంతకు ఆరు గంటల ముందు యాదృచ్ఛికంగా తీసిన స్నాప్‌షాట్‌తో బయటపడ్డారు. కాబట్టి ఇంకో ప్రశ్న మీ టీమ్‌ని అడగండి: బ్యాకప్ తీస్తున్నారా అని కాదు, బ్యాకప్ నుంచి చివరిసారి రీస్టోర్ చేసి చూసింది ఎప్పుడు అని.

ఇంటి దగ్గర: రౌటర్‌కి చిన్న యూపీఎస్, వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్. ఫోన్ డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా పేజర్ నంబర్ మోగేలా పెట్టి, ఒక టెస్ట్ పేజ్ పంపించుకుని చూడండి.

రీఫ్యాక్టర్_రాజు

మూడు తొమ్మిదుల ఎస్‌ఎల్‌ఓ (సర్వీసు ఎంత శాతం సమయం పనిచెయ్యాలన్న లక్ష్యం) అంటే నెలకి నాలుగు నిమిషాలే డౌన్ కావచ్చు కదా, అంత టైములో మనిషి లేచి ల్యాప్‌టాప్ తెరవడమే అవదు.

నిద్రలేనిపేజర్

లేదు, 99.9 శాతానికి 30 రోజుల్లో 43 నిమిషాల 12 సెకన్లు. మీరన్నది 99.99, దానికి 4 నిమిషాల 19 సెకన్లు. నాలుగు తొమ్మిదులు మాటిచ్చిన సర్వీస్‌లో మనిషి మీద ఆధారపడకూడదన్న మాట మాత్రం నిజం. ఆటోమేటిక్ రోల్‌బ్యాక్ లేకుండా నాలుగు తొమ్మిదులు రాశారంటే ఆ డాక్యుమెంట్ అలంకారానికి.

రాత్రిమీటింగు

సియాటిల్ తేడా గురించి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పన్నెండున్నర గంటలు, మిగతా కాలం పదమూడున్నర. వాళ్ల ఉదయం 8:30 మీటింగ్ మనకి ఎండాకాలం రాత్రి 9, చలికాలం రాత్రి 10. క్యాలెండర్ ఇన్వైట్ వాళ్ల టైమ్‌జోన్‌లో పెడితే నవంబర్‌లో మన నిద్ర గంట జరుగుతుంది, మన టైమ్‌జోన్‌లో పెడితే వాళ్లు ఏడున్నరకే రావాలి. రెండిటిలో ఏదో మొదట్లోనే తేల్చుకోండి. వారానికి రెండు రాత్రులు మించి ఒప్పుకోవద్దు, మిగతావి వాళ్ల సాయంత్రం, మన ఉదయం 8:30కి పెట్టించండి.

అసలు నష్టం మీటింగుల్లో కాదు, ప్రశ్నల్లో. "హాయ్, ఉన్నారా?" అని పింగ్ చేస్తే ఒక రోజు పోయింది. ప్రశ్న ఇలా రాయాలి: ఏం చేద్దామనుకున్నారు, ఏం జరిగింది, ఎర్రర్ టెక్స్ట్ (స్క్రీన్‌షాట్ వద్దు, వెతకడానికి దొరకదు), ఏమేం ప్రయత్నించారు. చివర్లో "ఫలానా కాలమ్ వాడకంలో లేదని అనుకుంటున్నాను, కాదంటే చెప్పండి, లేకపోతే రేపు పదకొండింటికి పీఆర్ పెడతాను" అని. అప్పుడు వాళ్లు జవాబివ్వకపోయినా మీ పని ఆగదు. వాపసు తీసుకోగలిగే పనులకే ఇది. డేటా డిలీట్‌కి మౌనం అంగీకారం కాదు.

డైరెక్ట్ మెసేజ్ కాకుండా టీమ్ ఛానెల్‌లో అడగండి. మొహమాటం మొదటి వారమే ఉంటుంది, జవాబు తర్వాత వచ్చేవాడికీ పనికొస్తుంది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మనవాళ్లు డిప్లాయ్ చేస్తే అక్కడ తెల్లవారుజాము రెండున్నరో, మూడున్నరో. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

లూపులక్ష్మి

పీఆర్ సైజు కూడా దీనికి ముడిపడిందే. గూగుల్ బయటపెట్టిన రివ్యూ మార్గదర్శకాల్లో 100 లైన్లు సబబు, 1000 చాలా ఎక్కువ అని ఉంటుంది, రివ్యూకి జవాబు ఒక పనిదినం దాటకూడదనీ ఉంటుంది. మనకి ఒక్కో రౌండ్ ఒక రోజు కాబట్టి ఇంకా చిన్నవి పెట్టాలి. పేర్లు మార్చడం, ఫైళ్లు జరపడం ఒక పీఆర్, ప్రవర్తన మారేది ఇంకో పీఆర్. రెండూ కలిపితే 600 లైన్లలో అసలు మారిన నాలుగు లైన్లు ఎవరికీ కనబడవు. రివ్యూయర్‌ని ఒకర్ని ఇక్కడ, ఒకర్ని అక్కడ పెట్టుకోండి.

చిల్లరలెక్క

డేటాబేస్ కాలమ్ పేరు మార్చే పని మొదటి నెలలోనే ఎవరో అంటగడతారు, "చిన్న పనే" అంటూ. చిన్నది కాదు. కొత్త కాలమ్ నల్ (ఖాళీ విలువ) అనుమతిస్తూ చేర్చండి. కోడ్ రెండిట్లోనూ రాసేలా డిప్లాయ్ చెయ్యండి. పాత వరసల్ని వెయ్యేసి చొప్పున నింపండి, మధ్యలో ఆగుతూ. చదవడం కొత్తదానికి మార్చండి. కనీసం ఒక రిలీజ్ ఆగాక పాత కాలమ్‌లో రాయడం ఆపి, ఆ తర్వాత తీసేయండి. అంటే కనీసం నాలుగు డిప్లాయ్‌లు. ఒకేసారి చేస్తే ఏమవుతుందంటే, రోల్‌బ్యాక్ చెయ్యగానే పాత కోడ్ లేని కాలమ్ కోసం వెతుకుతుంది. రోల్‌బ్యాక్ దారి మూసేసినట్టే. పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద టేబుల్‌కి ఇండెక్స్ వేస్తే కన్‌కరెంట్లీ ఆప్షన్ మర్చిపోవద్దు, లేకపోతే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లో రాతలు ఆగిపోతాయి.

సున్నాసూచిక

మేనేజర్‌తో మొదటి వన్ ఆన్ వన్‌లో "నా నుంచి ఏం ఆశిస్తున్నారు" అంటే పుస్తకంలో జవాబే వస్తుంది. వేరేగా అడగండి. ఈ క్వార్టర్‌లో బయటి టీమ్‌కి తేదీ ఇచ్చిన పని ఏది? ఏ సర్వీస్ ముట్టుకోవడానికి అందరూ భయపడతారు? మూడో నెల చివర నేను ఏ పని ఎవరి సాయం లేకుండా చెయ్యగలగాలి? ఆ మూడో జవాబు అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి.

కొత్తకొలువు

ఇంత దొరుకుతుందనుకోలేదు. చివరిగా ఒకటి: పాత టీమ్ వాళ్లు మారాక కూడా పనులు అడుగుతుంటే ఎలా? ఇప్పటికే మొదలైంది.

పాతమానిటర్

రెండు వారాలు గడువు పెట్టి, తేదీ ఇద్దరు మేనేజర్లకీ మెయిల్ చెయ్యండి. ఆ రెండు వారాల్లో ప్రశ్నలకి జవాబులు మాత్రమే, కోడ్ రాయొద్దు. అదీ వాళ్ల టీమ్ ఛానెల్‌లోనే, ఫోన్‌లో కాదు. రెండోసారి అదే ప్రశ్న వస్తే మొదటి జవాబు లింక్ ఇవ్వండి. గడువు దాటాక "టికెట్ మా మేనేజర్ పేరున పెట్టండి" అనండి. టికెట్ రాయాల్సి వచ్చేసరికి చాలా ప్రశ్నలకి వాళ్లకే జవాబు దొరుకుతుంది.